అడిగితేనే కదా చెప్పేది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంట్లో పెద్దవాళ్ల గురించే. కొన్ని పిల్లలు రాసినవి, కొన్ని పెద్దవాళ్లే రాసుకున్నవి. నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటి జవాబు కాస్త పెద్దదైంది. అది నేను పుట్టి పెరిగిన విషయం, తగ్గించి రాయడానికి మనసొప్పలేదు.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మాది నర్సంపేట దగ్గర పల్లె. రెండేళ్ల కిందట అమ్మ పోయాక నాన్నను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆయనకు 74 ఏళ్లు. జీవితమంతా ఊరి చెరువు కింద వ్యవసాయం చేశారు. ఇక్కడ ఆయనకో గది, టీవీ, మంచి ఫోన్, అన్నీ ఇచ్చాం. ఏ లోటూ లేదు. అయినా పొద్దంతా బాల్కనీలోనే కూర్చుంటారు. పలకరిస్తే ముక్తసరిగా జవాబు చెప్తారు. ఒక్కోసారి చిన్నదానికే చిరాకు పడతారు. మొన్న మా అబ్బాయి 'తాతయ్యా, నీకు తెలీదులే' అన్నాడని రోజంతా మాట్లాడలేదు. వరంగల్ వైపు ప్లాట్ కొనే ప్రయత్నంలో ఉన్నాం, ఆ టెన్షన్ ఒకటి. ఆయన్ని ఎలా బిజీగా ఉంచాలో చెప్పండి.
(ఒక పాఠకుడు, మియాపూర్)

జవాబు: బాబూ, ముందుగా మీ నాన్నగారిని చెవుల డాక్టరుకు చూపించండి. వినపడక మాట్లాడటం మానేసిన పెద్దవాళ్లను చాలామందిని చూశాను. నలుగురిలో మాటిమాటికీ 'ఏందీ?' అని అడగలేక నవ్వి ఊరుకుంటారు. కొన్నాళ్లకు నలుగురిలో కూర్చోవడమే మానేస్తారు. అలాగే తిండి, నిద్ర తగ్గాయేమో గమనించండి. భార్య పోయిన దిగులు లోపల్లోపల తినేస్తుంటే దానికీ డాక్టర్లున్నారు, మందులున్నాయి. ఇవి రెండూ చూసుకున్నాకే మిగతా మాట.

గది ఇచ్చారు, టీవీ ఇచ్చారు, ఫోన్ ఇచ్చారు. ఈ రెండేళ్లలో మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న ఒక్కటైనా ఆయన్ని అడిగారా? 'తిన్నావా, మందులేసుకున్నావా' లాంటివి కాదు. ఆయన చెప్పేదాన్ని బట్టి మీరు చేయబోయే పని మారాలి, అలాంటి ప్రశ్న. ఊళ్లో ఉన్నప్పుడు ఆయన్ని పొద్దున లేస్తే ఎవరో ఒకరు అడిగేవాళ్లు. నారు ఎప్పుడు పోయాలి, ఎద్దు ఎందుకు మేయట్లేదు, ఫలానా ఇంటి సంబంధం ఎలాంటిది. ఇక్కడ ఎవరికీ ఆయనతో పని లేదు. ఆయన్ని బిజీగా ఉంచే ఉపాయాలు వెతకొద్దు. ఆయనతో మీకు పని పడాలి.

ఇప్పుడు పడింది కూడా. ప్లాట్ చూడటానికి వెళ్లేటప్పుడు ఆయన్ని వెంట తీసుకెళ్లండి.

చెరువు కింద బతికిన మనిషికి ఏం తెలుస్తుందో నాకు తెలుసు. మా నాయన మా ఊరి చెరువుకు నీరటి. ఆబి (వానాకాలం) పంటకైనా తాబి (యాసంగి) పంటకైనా తూము తెరిచేది, మూసేది, మడిమడికీ నీళ్లు పారించేది ఆయనే. జీతం లేదు. కళ్లం దగ్గర రైతులు కొలిచిచ్చే మేర వడ్లే మాకు తిండి. వానాకాలం రాత్రిళ్లు కందిలి పట్టుకుని కట్ట పొడవునా తిరిగేవాడు. నన్నూ అప్పుడప్పుడు వెంట రానిచ్చేవాడు. కట్ట వెనక వైపు దిగి, ఊట కారుతున్న చోట దోసిలి పట్టి ఆ నీళ్లను కందిలి వెలుగులో చూసేవాడు. తేటగా ఉంటే పారబోసి ముందుకు నడిచేవాడు. మసకగా ఉంటే మాత్రం అక్కడే గొంతుకూర్చుని తడి వేళ్లను ఒకదానికొకటి రాసి చూసేవాడు. వేళ్లకు మన్ను తగిలిందంటే కట్ట లోపలి మట్టి నీళ్లతో పాటు జారిపోతోందని అర్థం. ఇక ఊరంతా పారలు పట్టుకుని లేవాల్సిందే. మట్టికట్టల గురించి చదువుకున్న ఇంజనీర్లూ ఇదే మాట చెప్తారు. తేట ఊటను కనిపెట్టి చూస్తూ ఉండాలి, బురద ఊట వస్తే కట్ట తెగబోతున్నట్టు లెక్క. మా నాయన బడి మొహం చూసినవాడు కాదు.

చెరువు నిండని ఏడు తాబికి ఎన్ని ఎకరాలు నాటుకోవచ్చో ఊరు కూర్చుని తేల్చుకునేది. తైబందీ అనేవాళ్లు దాన్ని. పెద్దమనుషులందరూ గద్దె మీద కూర్చుంటే మా నాయన పక్కన నిలబడేవాడు. 'ఎంత పారుతదిరా?' అని అడిగితే చెప్పేవాడు. ఆ మాట మీదే ఊరి పంట ఆధారపడేది. అయినా ఆయన్ని పెద్దమనుషుల్లో ఒకడిగా ఎవరూ ఎంచలేదు, కూర్చోమని కూడా అనలేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, పెద్దలను గౌరవించాలి అనగానే మనకు తెల్ల పంచె, పడక కుర్చీ, నాలుగు ఎకరాలున్న మనిషే కళ్ల ముందుకొస్తాడు. తెలిసినవాళ్లు చాలాసార్లు ఆ కుర్చీకి అవతల నిలబడి ఉంటారు. మీరు రేపు ప్లాట్ దగ్గర ఎవరిని అడగాలన్నప్పుడు ఈ సంగతి అవసరం పడుతుంది.

వరంగల్ చుట్టుపక్కల చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకిన నీళ్లు కింది చెరువుకు చేరాలి. ఆ దారుల్లో ఇప్పుడు కాలనీలు లేచాయి. 2020 ఆగస్టు వానలకు హనుమకొండలో కాలనీలకు కాలనీలే నీళ్లలో నిలబడ్డాయి. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఎండాకాలంలో ప్లాట్ చూపించేవాళ్లు ఈ ముచ్చట్లు చెప్పరు.

మీ నాన్నను ఆ జాగాలో నిలబెట్టి అడగండి. నేల ఎటు వాలి ఉంది? దగ్గర్లో చెరువు నిండితే మత్తడి ఎటు పోస్తుంది? పక్క చెల్కలో జమ్ము, తుంగ ఎందుకు మొలిచాయి? (జమ్ము మొలిచిందంటే అక్కడ ఏడాదిలో కొన్ని నెలలైనా నీళ్లు నిలుస్తాయి.) తర్వాత ఆ ఊళ్లో 70 దాటినవాళ్లను వెతకండి. గొర్లు కాసినవాళ్లు, చేపలు పట్టినవాళ్లు, నీరటి పని చేసినవాళ్లు ఎవరైనా సరే. మాట మీ నాన్నను మాట్లాడనివ్వండి. షూ వేసుకుని కారు దిగిన మీరు అడిగితే 'మంచిగనే ఉంటది సార్' అంటారు. ఆయన వాళ్ల పక్కన కూర్చుని చుట్టో బీడీయో అందుకుని అడిగితే, ఏ ఏడు ఎక్కడిదాకా నీళ్లొచ్చాయో చెట్టుతో సహా చూపిస్తారు.

ఆ తర్వాత ఊరి నక్షా, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మేర) హద్దులు ఆఫీసులో తప్పకుండా చూసుకోండి. పెద్దవాళ్ల మాట కాగితానికి బదులు కాదు. ఏ కాగితం కోసం పట్టుబట్టాలో ఆ మాట వల్ల తెలుస్తుంది. ఆయన వద్దంటే మాత్రం ఆ ప్లాట్ సంగతి మళ్లీ ఆలోచించండి. అడిగి, విని, పక్కన పెట్టేస్తే అడగకపోవడం కంటే ఎక్కువ బాధ పెట్టినట్టు.

మీ అబ్బాయి 'తెలీదులే' అన్నది ఫోన్ గురించో, ఆట గురించో అయ్యుంటుంది. నిజమే, ఆయనకు తెలీదు. ఆయనకు తెలిసిన చోటికి వాణ్ని తీసుకెళ్లండి. పాకాల మీ ఊరికి దగ్గరే కదా. 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టించిన చెరువు, ఇవాళ్టికీ దాని కింద పొలాలు పారుతున్నాయి. రెండు గుట్టల మధ్య కట్ట అక్కడే ఎందుకు వేశారు, తూము అక్కడే ఎందుకు పెట్టారు అని వాడు అడిగేలా చేస్తే చాలు. ఇక ఆపమన్నా మీ నాన్న ఆపరు.

ప్రశ్న: నాకు మూడు నెలల బాబు. కాన్పు నుంచి మా అత్తగారు దగ్గరుండి అన్నీ చూశారు. కానీ బాబుకు తేనె నాకించమంటారు, వస అరగదీసి పట్టమంటారు, స్నానానికి ముందు ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయమంటారు. డాక్టర్ వద్దన్నారంటే 'నలుగురిని పెంచినదాన్ని, నాకు తెలీదా' అంటారు. పెద్దవాళ్ల అనుభవానికి విలువ ఇవ్వాలని మీరే రాస్తుంటారు. నన్నేం చేయమంటారు?
(పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: అమ్మా, తేనె వద్దు. ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసివాళ్ల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి. దానివల్ల ఒళ్లు చచ్చుబడుతుంది. అరుదుగానే వస్తుంది, కానీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు, ఇక వస ఎందుకు? ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఈ మూడింటిలో డాక్టర్ మాటే మాట. గౌరవం పేరు చెప్పి పసివాడి ఆరోగ్యంతో రాజీ పడొద్దు.

కానీ మీ అత్తగారి దగ్గర ఉన్నవి ఈ మూడేనా? కాళ్లు చాపుకుని, పసివాణ్ని మోకాళ్ల మీద వేసుకుని, మెడ జారకుండా ఒక చేయి ఆనించి నీళ్లు పోయడం వీడియో చూస్తే వచ్చే విద్య కాదు. ఏ ఏడుపు ఆకలిదో, ఏది నిద్రదో, ఏది కడుపునొప్పిదో పక్క గదిలోంచి విని చెప్పడం, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, తెల్లవారుజామున మీకు కాస్త కునుకు దొరకాలని పిల్లాణ్ని మెల్లగా ఎత్తుకుపోవడం, ఇవన్నీ ఆమె చేస్తూనే ఉండి ఉంటారు. వాటిని ఎప్పుడైనా పేరు పెట్టి చెప్పారా? 'అత్తయ్యా, వీడు ఇందాకటి నుంచి కాళ్లు ముడుచుకుంటున్నాడు, ఏమైందో చూడండి' అని పిలవండి. పది విషయాల్లో తనను అడిగే కోడలు రెండిట్లో వద్దంటే వింటారు. నోరు తెరిస్తే వద్దనే కోడలి మాట ఎవరు వింటారు?

ఈసారి టీకాకు ఆమెను కూడా తీసుకెళ్లండి. తేనె గురించి, వస గురించి ఆమే స్వయంగా డాక్టరును అడగాలి. మీ నోటి వెంట వచ్చేది ఎంత డాక్టర్ మాటైనా ఇంట్లో అది కోడలి మాటే. ఇంకొకటి కూడా మనసులో పెట్టుకోండి. ఆమె తరం ఆడవాళ్లు ఇంట్లోనో ఇరుగుపొరుగునో పసిపిల్లలు పోవడం కళ్లారా చూసినవాళ్లు. ఆ భయంతోనే ఆ వస కొమ్మును పట్టుకుని ఉన్నారు. ఆ రోజుల గురించి తీరిగ్గా ఉన్నప్పుడు అడిగి చూడండి, కోపం మీకే తగ్గుతుంది.

ప్రశ్న: నాకు 71. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇంజన్ శబ్దం వింటే తేడా ఎక్కడుందో చెప్పేవాణ్ని. ఇప్పుడు మా వాడి కారు గురించి ఒక్క మాట చెప్తే 'నాన్నా, ఇవి మీ కాలం బండ్లు కావు' అంటాడు. ఇల్లు కడుతున్నాం, మేస్త్రీకి చెప్పినా అంతే. నోరు మూసుకుని ఉండటమే మర్యాదా?
(పాఠకుడు, కరీంనగర్)

జవాబు: అన్నగారూ, నోరు మూసుకోవద్దు. అయితే కారును, ఇంటిని విడివిడిగా చూద్దాం.

కారు మీ పని. మీ అబ్బాయి అన్నదాంట్లో సగం నిజముంది. ఇప్పటి బండ్లలో ఇంజన్‌ను నడిపించేది కంప్యూటర్. తేడా వస్తే స్కానర్ పెట్టి చూస్తారు. కానీ బేరింగ్ అరుపు మారలేదు, బ్రేకుల వాసన మారలేదు, టైరు ఒక పక్కే అరుగుతుంటే ఎందుకో చెప్పే కన్నుకు స్కానర్ అక్కర్లేదు. అక్కడ మీ మాట నిలబడుతుంది. సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడు వెంట వెళ్లండి. ఆ స్కానర్ ఏం చెప్తోందో అక్కడి కుర్రాణ్ని అడగండి. మీరు అడిగితే, వాడూ మిమ్మల్ని అడుగుతాడు. మీ అబ్బాయికి చెప్పేటప్పుడు 'మా రోజుల్లో' అని మొదలుపెట్టకండి. 'కుడి ముందు చక్రం దగ్గర ఒక రొద వినిపిస్తోంది, మలుపులో ఎక్కువవుతోంది, చూపించు' అనండి. ఒకసారి మీరు చెప్పిందే షెడ్డులో తేలితే మళ్లీ వాదన ఉండదు.

ఇల్లు మాత్రం మేస్త్రీ పని. కటువుగా అనుకోకండి. అనుభవం మనం చేసిన పనిలో వస్తుంది, వయసు పెరిగినంత మాత్రాన అన్నిట్లో రాదు. మనలో చాలామందిమి ఇక్కడే చిన్నవాళ్లను విసిగిస్తాం. మేస్త్రీకీ నలభై ఏళ్ల చేతి పని ఉండొచ్చు. అతన్ని అడిగి తెలుసుకోండి.

మీకు నిజంగా చెప్పాలనుంటే, వినేవాళ్లు ఇంటి బయట ఉన్నారు. మీ వీధి చివర మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లుంటారు. వాళ్లకు పానా పట్టడం చెప్పేవాళ్లున్నారు గానీ, బండి విప్పకముందు చెవి పెట్టి వినడం చెప్పేవాళ్లు తక్కువ. సాయంత్రం పూట వెళ్లి ఓనరుతో ఒక టీ తాగండి. మిగతాది దానంతటదే జరుగుతుంది.

ప్రశ్న: నేను పల్లెటూరి హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పిల్లలతో ఊరి పెద్దల జ్ఞాపకాలు రాయిద్దామని నిరుడు ప్రయత్నించాను. అందరూ ఒకే రకం జవాబులు తెచ్చారు: 'మా కాలంలో అంతా బాగుండేది, ఇప్పుడు మర్యాదలు లేవు' అని. ఈసారి ఎలా చేయించమంటారు?
(ఉపాధ్యాయిని, సిద్దిపేట జిల్లా)

జవాబు: అమ్మా, నేనూ మీలాగే జిల్లా పరిషత్ బడిలో చాక్‌పీసు పట్టి రిటైరైనదాన్నే. పిల్లలు 'మీ జీవితం గురించి చెప్పండి' అని అడిగి ఉంటారు. అంత పెద్ద ప్రశ్నకు ఎవరైనా అలాంటి జవాబే చెప్తారు. చేతికి అందేవి అడగమనండి. కరువొచ్చిన ఏడు ఏం వండుకున్నారు? మీ పెళ్లికి ఎంత దూరం నడిచారు, ఎవరెవరు నడిచారు? మొదటిసారి కరెంటు బల్బు ఎవరింట్లో వెలిగింది? 'ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తుంది' అంటారు కదా, అది తప్పిన ఏడు ఏది, అప్పుడేం చేశారు? తప్పిన ఏడు గురించి అడిగితే చెప్పేవాళ్లు ఆలోచనలో పడతారు, అసలు జ్ఞాపకం అప్పుడు బయటికొస్తుంది.

ఎవరిని అడగాలో మీరే ఒక పట్టిక రాసివ్వండి. లేకపోతే పిల్లలు పెద్ద ఇళ్లకే వెళ్తారు. మంత్రసాని పని చేసినావిడ, చాకలి, కుమ్మరి, గొర్ల కాపరి, రైతుల ఇళ్లలో జీతగాళ్లుగా పనిచేసినవాళ్లు, బతుకుదెరువుకు బొంబాయి పోయి వచ్చినవాళ్లు, అందరూ ఆ పట్టికలో ఉండాలి. వాళ్లలో చాలామంది 'అంతా బాగుండేది' అనరు. ఎందుకు బాగాలేదో చెప్తారు. అదీ చరిత్రే, పిల్లలకు పాఠంలో దొరకనిది. నిజాం పాలన పోయిన 1948 సెప్టెంబరు నాటికి పదేళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. ఆ మాటలు కావాలంటే వచ్చే ఏడాది అని ఆగకండి.

విత్తనాల సంగతికి ఒక పూట కేటాయించండి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చేసింది పిల్లలకు చెప్పండి. చదువు రాని దళిత ఆడవాళ్లు, చాలామంది ఇప్పుడు వయసు మళ్లినవాళ్లు. కొర్రలు, సామలు, జొన్నల్లో ఎన్నో రకాల విత్తనాలను బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచి కాపాడారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలతో ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2008లో మాచనూరులో సొంతంగా సంగం రేడియో పెట్టుకున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మీ ఊళ్లో కూడా ఏ అవ్వ అటక మీదో ఒక విత్తనం బుట్ట ఉండొచ్చు. దాన్ని దింపించి, ఏ గింజ ఏ నేలకు, ఏ కార్తెకు అని రాయించండి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కలు, పంటలు, వాటి గురించి తెలిసినవాళ్ల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాసి ఉంచాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. సగంలో ఆగిపోయి ఉంటే మీ పిల్లలు తెచ్చినవి అందులోకి ఎక్కించమనండి. ఒక్క జాగ్రత్త: మందు మొక్కల సంగతులు చెప్పినవాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టొద్దు. అవి వాళ్ల సొత్తు.

పిల్లలను ఇద్దరిద్దరుగా పంపండి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. ఫోన్‌లో రికార్డు చేస్తుంటే ముందే చెప్పాలి. రాసింది మళ్లీ వాళ్లకే చదివి వినిపించాలి. తప్పు రాస్తే అక్కడికక్కడే దిద్దిస్తారు, మరిచిపోయినవి గుర్తొస్తాయి కూడా. కాగితం మీద 'ఒక ముసలమ్మ' అని రాయనివ్వకండి. ఆమె తన పేరు ఎలా రాయమంటే అలా, ఇంటిపేరుతో సహా రాయించండి. నాట్ల రోజుల్లో మాత్రం పంపొద్దు. మన ఊళ్లలో 70 దాటిన ఆడవాళ్లు కూడా ఇంకా నాట్లకు పోతూనే ఉన్నారు, ఇంట్లో దొరకరు.